పక్కింటివాళ్ళు ఏమన్నారంటే

జూన్ 4, మదనపల్లె

కాళ్ళు పీకుతున్నాయి. రెండు వీధులు తిరిగాను, ఒక్కరంటే ఒక్కరు సరిగ్గా జవాబు చెప్పలేదు. బెంగుళూరు కంపెనీవాళ్ళకేం! ట్యాబు నా చేతిలో పెట్టి, "మీ ఊళ్ళకి కొత్తగా ఏ అంగడి వస్తే బాగుంటుందో ఇంటింటికీ పోయి అడుగు శోభారాణీ, అంతే" అన్నారు. అంతే అట! మదనపల్లె, పుంగనూరు, కుప్పం, మూడు ఊళ్ళూ నా నెత్తినే.

ఇక్కడి జనం సంగతి వాళ్ళకేం తెలుసు? గడప దగ్గరికొచ్చిన మనిషితో మాకు ఫలానాది లేదని చెప్పుకోవడం మా వైపు చచ్చేంత నామోషీ. నీళ్ళిస్తారు, మజ్జిగిస్తారు, ఫ్యానేసి కూర్చోబెడతారు, ఇంకా పెళ్ళెందుకు కాలేదని అడుగుతారు. "మీ వీధికి ఏం అంగడి కావాలమ్మా?" అంటే మాత్రం అందరిదీ ఒకటే పాట.

"మాకేం తక్కువమ్మా? అన్నీ ఉండాయి."

ఒకావిడ ఇంట్లో గ్యాస్ స్టవ్ ఒక పక్క వెలగడం లేదు, బాగుచేసేవాడు దొరక్క కట్టెల పొయ్యి మీద వండుతోంది. నా కళ్ళెదుటే! ఆవిడా అదే మాట. "అన్నీ ఉండాయి తల్లీ, దేవుడి దయ." పొగకి ఇద్దరం దగ్గుతూనే ఉన్నాం.

సాయంత్రం జగదీష్ గారు ఫోన్ చేశారు. మా సూపర్‌వైజరు. "మేడమ్, మీ డేటా అంతా ఖాళీగా ఉంది, ఇట్లయితే కష్టం" అన్నారు. ఈ ఉద్యోగం కూడా పోతే అమ్మ మొహం చూడలేను.

జూన్ 6, మదనపల్లె

దొరికింది! కిటుకు దొరికింది.

కుప్పుస్వామి అని ఒక పెద్దాయన, రిటైరైన డ్రైవరు. యథాప్రకారం "మాకేం తక్కువ" అన్నాడు. నాకు ఒళ్ళు మండింది. ఊరికే అన్నాను, "పక్కింటివాళ్ళు మంచి బేకరీ కావాలన్నారే సార్" అని. పక్కింటివాళ్ళు అసలు తలుపే తీయలేదు. వెనక వీధిలో ఎవరో అన్న మాట అది.

పెద్దాయన లేచి కూర్చున్నాడు. "బేకరీనా? ఆయప్ప అడిగినాడా? సుగరు పెట్టుకోని బేకరీ అడిగినాడా! అయితే మాకు లాండ్రీ అంగడి రాసుకోమ్మా. పంచెలు ఉతికి ఇస్త్రీ చేసిచ్చేది."

లోపలినుంచి ఆయన భార్య అరిచింది. "లాండ్రీ యాలప్పా నీకు, యాడికి పోతాండావని? ఆడోళ్ళ టైలర్ని రాసుకో పాపా. నాలుగు జాకెట్లు కుట్టించుకోను నాలుగు నెల్లు తిరగతాండా."

చూశారా! ముందు ఇంకొకరు అడిగారని తెలిస్తే చాలు, ఇంక నామోషీ లేదు. ఎదుటి ఇంటికి పోయి లాండ్రీ మాట చెప్పాను, వాళ్ళు పిల్లల ఆటస్థలం అడిగారు. ఆ మాట పట్టుకుని ఇంకో ఇంటికి. ఒకరి మాట ఇంకొకరి నోరు తెరిపిస్తోంది. నేను మోసుకుపోవాలి, అంతే.

జగదీష్ గారు ఆశ్చర్యపోయారు. "ఎట్లా చేశారు మేడమ్?" అంటే, "మాట కలుపుతాను సార్" అన్నాను.

జూన్ 7

నిన్నటికంటే ఎక్కువ ఇళ్ళు. జగదీష్ గారు గ్రూపులో నా పేరు పెట్టి చప్పట్ల బొమ్మలు పంపారు. అమ్మకి చూపించాలి.

జూన్ 11, పుంగనూరు

ఈ రోజు మా సొంత వీధి. అమ్మ ఒకటే ఎగతాళి. "ఊర్లన్నీ తిరిగి మన ఈదికే వొచ్చినావా? నన్ను కూడా అడుగు, నాకొక అల్లుడి అంగడి కావల్ల" అంటుంది.

మొదట గంగక్క దగ్గరికి పోయాను. మా వరసలో చివరి ఇల్లు. ఇంటి ముందు తిన్నె మీదే టిఫిన్ అమ్ముతుంది. ఇడ్లీ, కారం దోసె, చిత్రాన్నం. నేను కాలేజీకి పోయే రోజుల నుంచీ పొద్దున పొద్దున ఆ తిన్నె దగ్గర నిలబడి తిన్నదాన్నే. నాకు చిత్రాన్నంలో చెనిక్కాయ పప్పులు ఏరి ఏరి ఎక్కువ వేస్తుంది. మొగుడు పోయాక ఆ పొయ్యి మీదే కూతురు తేజస్వినిని అంగళ్ళు అనే ఊళ్ళో కాలేజీలో ఇంజనీరింగ్ చదివిస్తోంది. మనిషి ఈ మధ్య చిక్కింది, అడిగితే "డైటింగు మే" అని నవ్వేది.

నేను ట్యాబు తీసి పెద్ద ఆఫీసరులాగా అడిగాను. గంగక్క పెనం కడుగుతూ పకపకా నవ్వింది. "ఇంకో టిఫినంగడి మాత్రం వొద్దని రాసుకో మే."

తర్వాత చెయ్యి కొంగుకి తుడుచుకుని నా పక్కన కూర్చుంది. అటూ ఇటూ చూసింది.

"నిజంగా రాస్తే తెస్తారా?"

"అందరూ అడిగితే వస్తుంది గంగక్కా."

"ఛాతీ డాక్టరు ఒగరు వారానికొగ పొద్దు ఈడొచ్చి కూసుంటే సాలు మే. నేను నెలనెలా ఆరోగ్యవరం పోయొస్తాండా."

నా మొహంలో ఏదో మారి ఉంటుంది. మదనపల్లె దగ్గరి ఆరోగ్యవరంలో ఇప్పుడు అన్ని జబ్బులకూ చూస్తారు. కాన్పులు కూడా చేస్తారు. కానీ పుంగనూరులో ఆ పేరెత్తితే పెద్దవాళ్ళకి ఈనాటికీ తట్టేది ఒక్కటే, క్షయ. పాతకాలంలో ఆ జబ్బున్నవాళ్ళని అక్కడికే పంపేవాళ్ళట. గంగక్క నా మోకాలి మీద చెయ్యేసింది.

"బయపడాకు. మాత్రలన్నీ మింగేసినా, తగ్గిపాయ. శుబ్బరంగా వొండుకో, అమ్ముకో అని డాక్టరమ్మే సెప్పింది. ఊరికే సూపిచ్చుకునేకి పోతాండా. ఈడ గవర్నమెంటాస్పత్రిలో అయితే అందురూ తెలిసినోళ్ళే గదా, అందుకే అంత దూరం పోయింది. సోమలలో మా చెల్లెలు మాల్తికి తప్ప కూతురికి కూడా సెప్పలే. నువ్వు అడిగినావని సెప్తాండా. పేరు మాత్రం రాయొద్దు."

"ఛ, పేరెందుకు రాస్తాను గంగక్కా."

రాయలేదు. ఛాతీ డాక్టరు అని మాత్రం కొట్టాను.

అక్కడినుంచి పూలు కట్టే రామక్క ఇంటికి. రామక్కతో అయ్యే పనా! "మాకేం తక్కువ మే, నువ్వు పుట్టకముందు నుంచీ ఉండాం ఈ ఈదిలో" అని పూలదారం లాగుతూనే ఉంది. బేకరీ అన్నాను, కదల్లేదు. టైలరు అన్నాను, కదల్లేదు. ఎండ, ఆకలి, ఇంకా సగం వీధి ఉంది. అప్పుడన్నాను.

"అందరూ ఏమీ వద్దంటే ఎట్లా రామక్కా? మన వరసలోనే ఒకరు నెలనెలా ఆరోగ్యవరం దాకా పోయొస్తున్నారు. ఒక డాక్టరో ల్యాబో ఇక్కడే ఉంటే మంచిది కదా?"

రామక్క చేతిలో దారం ఆగింది. "ఆరోగ్యవరమా? మన వరసలోనా? ఎవురు మే?"

"పేర్లు చెప్పకూడదు. రూలు."

"ఆహా" అంది. తర్వాత ఆవిడే ల్యాబు రాసుకోమంది, మందులంగడి రాసుకోమంది, ముసలోళ్ళకి కళ్ళజోళ్ళ అంగడి రాసుకోమంది. మిగతా వీధి కూడా చకచకా అయిపోయింది.

పేరు చెప్పలేదు. ఇంటి గుర్తు చెప్పలేదు. ఆడో మగో కూడా చెప్పలేదు.

జూన్ 12

ఆడో మగో కూడా చెప్పలేదు కదా.

జూన్ 18, కుప్పం

కుప్పంలో ఒక్కో ఇంట్లో మూడు భాషలు. అత్త తమిళంలో తిడుతుంది, కోడలు తెలుగులో జవాబిస్తుంది, పిల్లలు కన్నడ సీరియల్ చూస్తున్నారు. ఇక్కడ సుభద్రమ్మగారింట్లో గది తీసుకున్నాను. అమ్మకి దూరపు చుట్టం. ఏం కావాలని ఆవిడనే అడిగితే, "రైలెక్కితే బెంగుళూరు, ఆడ దొరకందేముంది కన్నా? ఈడ అంగడి పెట్టి ఎవురికి అమ్మల్ల?" అంది. నవ్వొచ్చింది.

మధ్యాహ్నం అమ్మ ఫోను. అదీ ఇదీ మాట్లాడి, "గంగమ్మ తిన్నె కాడ ఎవురూ నిలబడ్డంల్యా మే" అంది.

"బడులు తెరిచారు కదమ్మా, పొద్దున్నే ఎవరి తొందర వాళ్ళది."

"అదేం కాదు. ఆయమ్మకు ఊపిరితిత్తుల జబ్బంట. ఆరోగ్యవరం పోతాదంట. రామక్క అనుకుంటాంటే ఇన్నా. నువ్వు ఎన్నిసార్లు తింటివో ఆడ, ఒగసారి పోయి సూపిచ్చుకో."

నేను ఏం మాట్లాడానో గుర్తులేదు. గంగక్కేనని రామక్కకి ఎవరు చెప్పారని అడిగాను. అది మాత్రం గుర్తుంది.

"ఎవురు సెప్పేదేంది? నెలకొగ పొద్దు తిన్నె మూసి మదనపల్లె బస్సు ఎవురెక్కుతారో ఈదికి తెలీదా?"

జూన్ 19

వీధి అన్నాక అనుకుంటారు. నేను చెప్పినా చెప్పకపోయినా ఒక రోజు తెలిసేదే. బస్సు ఎక్కేది అందరూ చూస్తూనే ఉన్నారు కదా.

నేనేమైనా దండోరా వేశానా?

జూన్ 22, కుప్పం

ఈ మూడు రోజులూ ఎవరి మాటా ఎవరికీ చెప్పకుండా అడిగి చూశాను. ఉన్నది ఉన్నట్టు, సూటిగా. అన్నీ ఉండాయట. రైలుందట. జగదీష్ గారు మళ్ళీ పాత గొంతుతో మాట్లాడారు. ఇంక లాభం లేదని లేని మనుషుల్ని సృష్టించుకున్నాను. "వెనక వీధిలో ఒకాయన ఉన్నాడు, సైకిళ్ళు అద్దెకిచ్చే అంగడి కావాలన్నాడు" అంటే, నిజంగానే ముగ్గురు సైకిళ్ళు అడిగారు. సిగ్గేసింది. కానీ లేని మనిషికి నష్టం ఏముంటుంది? మొదటినుంచీ ఇట్లాగే చేసి ఉంటే.

సరే, ఇప్పుడు అనుకుని ఏం లాభం.

జూన్ 28, పుంగనూరు

బస్సు దిగి ఇంటికి పోకుండా నేరుగా గంగక్క దగ్గరికే పోయాను. తొమ్మిది గంటలకి ఆ తిన్నె ముందు నిలబడడానికి చోటుండేది కాదు. ఈ రోజు ప్లేట్లన్నీ కడిగినవి కడిగినట్టే దొంతరగా ఉన్నాయి. ఇడ్లీపాత్ర మీద మూత కూడా తీయలేదు. గంగక్క గోడకి ఆనుకుని కూర్చుంది.

నన్ను చూసి లేచిన తీరు! ప్రాణం లేచొచ్చినట్టు లేచింది.

"వొచ్చినావా మే! రా, కూసో. చిత్రాన్నం ఏడిగా ఉండాది. ఎవురో ఈదంతా పెట్టేసినారు. ఒగరు రారు. పాలోడు కూడా చెంబు తాకకండా పైనించి పోసిపోతాండాడు. తేజస్విని ఫోన్ చేసి ఏడ్చె, కాలేజీ మానేసి వొస్తానని. నువ్వు సదువుకున్న పిల్లవి, నీకు బయం ల్యా."

నేను బీఎస్సీలో క్రిముల గురించి రెండు పేపర్లు రాసినదాన్ని. తగ్గిన జబ్బు అంటుకోదని నాకు తెలుసు. తెలిసి కూడా నా నోటివెంట వచ్చిన మాట, "పార్సిల్ కట్టు గంగక్కా, ఇంట్లో తింటాను."

ఆకలి లేదు. బస్సులో తల తిరిగింది. నిజంగానే ఆకలి లేదు.

గంగక్క పార్సిల్ కడుతుండగా మాలతి వచ్చింది. గంగక్క చెల్లెలు. సోమల నుంచి మొదటి బస్సుకే వచ్చినట్టుంది, చేతిలో సంచి నిండా టమోటాలు. మెట్టు మీద కాలు పెట్టిందో లేదో, గంగక్క కేక పెట్టింది.

"ఆడే ఉండు! లోపలికి రావొద్దు!"

"అక్కా, నేనేం చేసినానక్కా?"

"నీకు తప్ప ఎవురికి తెలుసు? నీకు సెప్పితి, నువ్వు మీ అత్తకు సెప్పితివి. ఆయమ్మ నోట్లో ఆవగింజ నానదు. నా బతుకు బజార్న పెడితిరి గదే!"

"నీ మీద ఒట్టక్కా. మా ఇంట్లో ఈగకు కూడా తెలీదు."

మాలతి ఏడుస్తూ నా వైపు చూసింది. సాయం అడిగినట్టే చూసింది. గంగక్కకి మాత్రం ఇంకోలా కనిపించింది.

"శోభను సూస్తాండావేంది? ఆ పిల్ల ఇన్నాళ్ళూ కుప్పంలో ఉండాది. తప్పు నీది పెట్టుకోని ఇంకొకరి మీదికి తొయ్యొద్దు. పో. నాకు చెల్లెలు ల్యా."

టమోటాల సంచి మెట్టు మీద పెట్టి మాలతి వెళ్ళిపోయింది. గంగక్క ఆ సంచిని కాలితో తోసింది, టమోటాలు వీధిలోకి దొర్లాయి. నేను తిన్నె మీదే కూర్చుని ఉన్నాను, ఒళ్ళో పార్సిల్ పెట్టుకుని.

వీధి మలుపులో ఆవు కనిపిస్తే ఆ పార్సిల్ దానికి పెట్టాను.

జూన్ 29

ఎందుకు చెప్పలేదు? చెబుదామనే నోరు తెరిచాను. ఆ అరుపుల్లో నా మాట ఎవరు వింటారు? కోపం చల్లారాక చెబితే మంచిది.

జూలై 1

మాలతి మా ఇంటికే వచ్చింది. అమ్మ పక్కింట్లో ఉంది కాబట్టి బతికిపోయాను. కళ్ళు వాచిపోయి ఉన్నాయి.

"శోభక్కా, నువ్వొగ మాట సెప్పు అక్కకు. నువ్వంటే దానికి గురి. నేను ఎవురికీ సెప్పలే. అమ్మ పోయినప్పటి నుంచీ దాని చేతి కిందే పెరిగినా. నా కాన్పుకి పొయ్యి ఆర్పి మూడు నెల్లు నా కాడే ఉండె. అట్లాంటి అక్క జబ్బుని నేను ఈదిలో పెట్టుకుంటానా?"

"పెట్టవు మాలతీ."

"నీకు నమ్మకం ఉండాది గదా?"

"ఉంది."

"అయితే సెప్తావా?"

"చెబుతాను."

నా చేతులు రెండూ పట్టుకుని కళ్ళకి అద్దుకుంది. నాకు ఆ చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. టీ తాగిపొమ్మన్నాను. టీ!

జూలై 2

పోలేదు. తలనొప్పి.

జూలై 4

జగదీష్ గారి కొత్త ఆర్డరు. కొన్ని వీధుల్లో రెండోసారి అడగాలట, మొదట చెప్పినదే చెబుతున్నారా లేదా చూడడానికి. పుంగనూరులో మా వీధినే ఎంచుకున్నారు. దేవుడికి నా మీద ఎంత కోపం!

ఈసారి నేను ఎవరి మాటా ఎవరికీ చెప్పలేదు. అవసరమే రాలేదు. ట్యాబు తీయకముందే చెప్పారు.

"మంచి టిఫినంగడి ఒగటి కావల్ల మే. ఈదిలో తినేకి ఏమీ ల్యాకుండా పాయ."

"టిఫినంగడి రాసుకో. శుబ్బరంగా ఉండల్ల."

"పొద్దున పిల్లోళ్ళకి చేసి పెట్టలేక చస్తాండాం. టిఫినంగడి."

రామక్క కూడా అదే అంది. పూలదారం కొరుకుతూ, "గంగమ్మ చేతి కారం దోసె మాదిరిది దొరికితే సాలు" అని కూడా అంది. నాకు కోపం ఆగలేదు. "అయితే గంగక్క దగ్గరికే పోండి, ఆమెకి తగ్గిపోయింది" అన్నాను. రామక్క నన్ను ఎగాదిగా చూసింది. "నువ్వు పోయి తింటాండావా?" అంది.

ట్యాబు మూసి లేచాను.

జగదీష్ గారికి లెక్క పంపితే ఎగిరి గంతేశారు. "సూపర్ మేడమ్, ఒక వీధి మొత్తం ఒకే మాట! ఇదే కదా మనం వెతుకుతున్నది!" అన్నారు. చప్పట్ల బొమ్మలు మళ్ళీ వచ్చాయి. ఫోను బోర్లా పెట్టేశాను.

జూలై 6

చెప్పాను.

గంగక్క పలమనేరు పోతోంది. బస్టాండు దగ్గర తెలిసినవాళ్ళ గది ముందు బండి పెట్టుకుంటుందట. అక్కడ తనని ఎరిగినవాళ్ళు లేరు. గిన్నెలు గోనెసంచుల్లో కడుతోంది. అది చూశాక ఇంక ఆగలేకపోయాను.

"గంగక్కా, మాలతి చెప్పలేదు. నేనే చెప్పాను. రామక్క ఏమీ వద్దంటుంటే, వరసలో ఒకరు ఆరోగ్యవరం పోతున్నారని నేనే అన్నాను."

గంగక్క చేతిలో గరిటె పట్టుకుని నా మొహంలోకి చూసింది. తిడుతుందనుకున్నాను. కొడుతుందనుకున్నాను. కొట్టినా బాగుండేది. ఆమె కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

"మాల్తి నీ కాడికి వొచ్చింది గదా?"

"వచ్చింది, కానీ..."

"తెలుసు. రామక్క సూసిందంట, మీ ఇంట్లో నించి ఏడ్సుకుంటా పోతాంటే. కాళ్ళా ఏళ్ళా పడింటాది. నువ్వు జాలిపడి దాని తప్పు నీ నెత్తినేసుకుంటాండావు. నీకేం కర్మమ్మా?"

"కాదు గంగక్కా, నిజంగా నేనే."

"ఊరుకో. పేరు రాయనని సెప్పినావు, రాయలే. నాకు తెలీదా నువ్వెట్లాంటి పిల్లవో? ఈ ఈదిలో నాకు మిగిలింది నువ్వొక్కదానివే."

నా తల నిమిరింది. మళ్ళీ చెప్పాల్సింది. ఒట్టేసి చెప్పాల్సింది. చెప్పాను కదా, నమ్మకపోతే నేనేం చేసేదని ఒక మూల హాయిగా కూడా అనిపించింది. ఆ హాయి గుర్తొస్తే నా మీద నాకే అసహ్యంగా ఉంది. గోనెసంచి మూతి కట్టడానికి సాయం చేసి వచ్చేశాను.

జూలై 7

మాలతి ఫోన్ చేసింది.

"సెప్పినావా శోభక్కా?"

"చెప్పాను. నమ్మలేదు."

"నువ్వు సెప్పినా నమ్మలేదంటే ఇంక అక్క నాకు లేనట్టే." కాసేపు ఏడ్చింది. తర్వాత, "అయినా నా కోసం పోయినావు. నీ రుణం ఉంచుకోనక్కా" అంది.

ఇద్దరూ నన్నే మంచిదానివంటున్నారు. నేనేం చెప్పానో మాలతికి తెలియదు, చెప్పింది నిజమని గంగక్కకి తెలియదు. వాళ్ళిద్దరూ ఒక్కసారి కూర్చుని మాట్లాడుకుంటే చాలు, నా బండారం బయటపడుతుంది. అంటే వాళ్ళు మాట్లాడుకోకుండా ఉన్నంతకాలం నాకేం ఢోకా లేదు. ఈ సంగతి నాకు ఇప్పుడే తెలిసిందా, మొదటినుంచీ తెలుసా? తలనొప్పులన్నీ దీనికేనా?

మాలతికి తిరిగి ఫోన్ చేశాను. రేపు మొదటి బస్సుకి రమ్మన్నాను.

జూలై 8

రామక్కని కదిలించడానికే తల ప్రాణం తోకకొచ్చింది. "నాకెందుకు మే ఈ తగులాటం? నేను నలుగురితోనే అన్నా" అంటుంది. ఆ నలుగురు చాలదా! నువ్వు చెబితే తప్ప గంగక్క నమ్మదు, రాకపోతే నీ గడపలోనే కూర్చుంటానని మొండికేశాను. అమ్మ వెనకనుంచి, "ఏం జరిగింది మే, ఏం చేసినావు?" అంటూనే ఉంది. వచ్చి చెబుతానన్నాను.

మేము పోయేసరికి మాలతి గంగక్క ఇంటి ఎదుటి గోడ నీడలో నిలబడి ఉంది, మెట్టు దగ్గరికి రాకుండా. పలమనేరు తీసుకుపోవడానికి ఆటో వచ్చి ఉంది. గంగక్క రుబ్బురాయికి గుడ్డ చుడుతోంది. చెల్లెల్ని చూసి మొహం తిప్పుకుంది.

నేను రామక్కని ముందుకు తోశాను. రామక్క పమిటె కొన నలుపుకుంటూ నేల చూపులు చూస్తూ చెప్పింది.

"ఈ పిల్లే సెప్పింది గంగమ్మా. ట్యాబు పట్టుకోనొచ్చి, మన వరసలో ఒగరు నెలనెలా ఆరోగ్యవరం పోతాండారనె. బస్సెక్కేది నువ్వే గదా, నేనే కలుపుకుంటి. మీ చెల్లెల్ని నేను సూసి ఏడాదాయ. తప్పయిపాయ తల్లీ."

"ఎప్పుడు సెప్పింది?"

"మొదటిసారి అడిగేకి వొచ్చినప్పుడే. నీ తిన్నె దిగి నేరుగా మా ఇంటికే వొచ్చె."

గంగక్క రుబ్బురాయి వదిలేసి నిలబడింది. ఆటోవాడు రేడియో ఆపేశాడు. తర్వాత ఆమె నన్ను దాటుకుని, మెట్టు దిగి, రోడ్డు దాటి మాలతి దగ్గరికి పోయింది. ఏదో అంటుందనుకున్నాను. చెల్లెలి చెంపలు రెండు చేతులతో పట్టుకుని, "తిన్నావా?" అంది. మాలతి తల అడ్డంగా ఊపింది. ఇద్దరూ అక్కడే, ఆ గోడ పక్కనే, ఒకరినొకరు పట్టుకుని ఏడ్చారు. ఇళ్ళ తలుపుల్లోంచి అందరూ చూస్తున్నారు. చూడనీ.

తిరిగి వచ్చేటప్పుడు గంగక్క చెల్లెలి చెయ్యి వదల్లేదు. నేను పక్కకి జరిగి దారిచ్చాను. "గంగక్కా, నోరు జారాను, కావాలని కాదు" అన్నాను. నా గొంతు నాకే చిన్నపిల్ల గొంతులా వినిపించింది.

ఆమె కేకలేయలేదు. మామూలుగానే చెప్పింది.

"నోరు జారేది ఎవురికైనా జారతాది. నాకూ జారతాది. అది కాదు శోభా. ఇది ఈ మెట్టు కాడ నిలబడి ఏడస్తాంటే, నేను దీన్ని కుక్కను తరిమినట్టు తరమతాంటే, నువ్వు నా తిన్నె మీద కూసోని సూస్తాంటివి."

ఇద్దరూ కలిసి గిన్నెలన్నీ ఆటోలోకి ఎక్కించారు. నేను ఒక సంచి అందుకోబోతే మాలతి నా చేతిలోంచి తీసుకుంది, మెత్తగానే.